హంతకుడెవరో చెప్పను
(సస్పెన్స్ నవలలు చదవదలచిన మిత్రులకు)

మన కాలేజీలో సస్పెన్స్ నవలలు చదివేవాళ్ళు రెండు రకాలు. బాహాటంగా చదివేవాళ్ళు ఒక రకం. రికార్డు బుక్కు మధ్యలో పెట్టుకుని, ప్రాక్టికల్స్ రాసుకుంటున్నట్టు ముఖం పెట్టి చదివేవాళ్ళు రెండో రకం. ఈ వ్యాసం ముఖ్యంగా ఈ ఇద్దరికోసమూ కాదు. పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ముట్టని మూడో రకం మిత్రులు హాస్టల్లో గదికి ముగ్గురున్నారు; వాళ్ళకోసం రాస్తున్నాను. మొదటి రెండు రకాలవారూ, ఒకప్పుడు ఈ తార్నాక రోడ్లమీదే తిరిగిన పూర్వ విద్యార్థులూ, గురువర్యులూ నా ఎంపికతో పేచీ పెట్టుకుంటూ చదువుకోవచ్చు.

నేను బీయస్సీ విద్యార్థిని. మాది జనగామ వైపు వరి, పత్తి పండించుకునే ఇల్లు. మా ఇంట్లో పుస్తకాలంటే పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, ఒక పంచాంగం. అటువంటి ఇంట్లో సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక డిటెక్టివ్ నవల చేతిలో పట్టుకుని కనిపిస్తే మా నాయిన అడిగేది ఒకటే మాట: "గిది పరీక్షల అస్తదా బిడ్డా?" రాదంటే, "పరీక్షల రానిదాన్ని అర్ధరాత్రి దాంక ఎందుకు సదువుతున్నవ్ మరి?" అని రెండో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. తెలుగు మీడియంలో చదివి వచ్చి, ఇక్కడ ఇంగ్లీషు పుస్తకాల ముందు కూర్చున్న మాలాంటివాళ్ళకు అసలు కష్టం పాఠం అర్థంకాకపోవడం కాదు. ముప్ఫై పేజీలు కదలకుండా కూర్చుని చదివే ఓపిక ఒంటికి పట్టకపోవడం. ఆ ఓపికను నాకు పట్టించింది ఫిజికల్ కెమిస్ట్రీ పుస్తకం కాదు, కొమ్మూరి సాంబశివరావు. ఈ మాట ఇలా అచ్చులో చెబితే మా కెమిస్ట్రీ సారు నొచ్చుకోరనే నమ్మకం.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. డిటెక్టివ్, సస్పెన్స్, థ్రిల్లర్ అనే మూడు మాటల్నీ మనం ఒకే మూటలో కట్టేస్తుంటాం. మూడూ వేరు. సైన్సు విద్యార్థులకు ల్యాబు భాషలో చెబితే తొందరగా తెలుస్తుంది.

డిటెక్టివ్ నవల అంటే సాల్ట్ ఎనాలిసిస్. తెల్లటి పొడి ఒకటి చేతిలో పెడతారు. అందులో ఏముందో పెట్టినవాడికి తెలుసు, మనకు తెలియదు. రంగు చూస్తాం, వాసన చూస్తాం, మంటలో పెడతాం, గ్రూపుల వారీగా ఒక్కొక్కదాన్నీ తీసేసుకుంటూ వస్తాం. మధ్యలో ఫాస్ఫేట్ లాంటిదొకటి చేరి దారి తప్పిస్తుంది. నవలలో ఆ పనికి ఒక మేనల్లుడో, ఉద్యోగం పోయిన గుమాస్తానో ఉంటాడు. చివరికి కన్ఫర్మేటరీ టెస్టు లేకుండా రిపోర్టు రాస్తే మార్కులు రావు. డిటెక్టివ్ కూడా అంతే, అనుమానం చాలదు, రుజువు కావాలి.

సస్పెన్స్ టైట్రేషన్. ఇక్కడ దాపరికం ఏమీ లేదు. రంగు మారుతుందని తెలుసు, ఏ రంగుకు మారుతుందో కూడా తెలుసు. ఏ చుక్కకు మారుతుందన్నదే తెలియదు. బ్యూరెట్ మీద వేళ్ళు, ఫ్లాస్కు మీద కళ్ళు. థ్రిల్లర్ మాత్రం నీళ్ళలో వేసిన సోడియం ముక్క. దానికి ఆలోచన అక్కర్లేదు. పరుగు, మంట, చప్పుడు.

సస్పెన్స్ ఎలా పుడుతుందో వివరించడానికి సినిమా దర్శకుడు హిచ్‌కాక్ బల్లకింద బాంబు ఉదాహరణ చెప్పేవాడు. నేను మా ఊరి ఉదాహరణ చెబుతాను. తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు 2018 జనవరిలో వచ్చింది. అంతకుముందు, నా చిన్నప్పుడు, త్రీ ఫేజ్ కరెంటు అర్ధరాత్రి వచ్చేది. రైతు మోటారు వెయ్యడానికి చేతిలో టార్చి పట్టుకుని బయల్దేరతాడు. స్టార్టరు డబ్బాలో కట్లపాము చుట్టుకుని ఉంది. అతను డబ్బా తెరిచిన తర్వాత పాము బుస్సుమంటే చదివేవాడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు, అంతే. కాని పాము సంగతి మనకు ముందే చెప్పి, రైతును గట్టుమీద ఆపి, బీడీ ముట్టించుకోనిచ్చి, పక్కచేను ఆసామితో వానల గురించి నాలుగు మాటలు మాట్లాడించి, ఆ తర్వాత డబ్బా దగ్గరకు నడిపిస్తే? ఆ నాలుగు మాటలూ మామూలు మాటలే, అయినా చదివేవాడి గుండె గొంతులో ఉంటుంది. మంచి రచయిత చేసేదంతా ఆ బీడీ కాలేంతసేపట్లోనే ఉంది. చెడ్డ రచయిత పాముల సంఖ్య పెంచుతాడు.

ఈ విద్య మనకు విదేశాల నుంచి దిగుమతి కానక్కరలేదు. 1947లో పుట్టిన 'చందమామ'లో బేతాళుడు చేసిన పనేమిటి? కథ చెప్పి, చిక్కుముడి వేసి, చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించి, చెబితే చెట్టెక్కేవాడు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 'తోకచుక్క' మొదలుకొని అదే పత్రికలో రాసిన సీరియళ్ళు ప్రతి నెలా పిల్లల్ని ఏ గుహ దగ్గరో, ఏ మొసలి నోటి దగ్గరో వదిలేసి వెళ్ళేవి. అయితే నగరం, నేరం, పోలీసు, పరిశోధకుడు, ఈ నలుగురితో నడిచే నవల మాత్రం మనకు కలకత్తా మీదుగా వచ్చింది. పాంచ్‌కడి దే అనే బెంగాలీ రచయిత అపరాధ పరిశోధన నవలలు ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల్లో తెలుగులోకి వచ్చి విరివిగా చదివించుకున్నాయి. అదీ వింత కాదు. వేలిముద్రల బ్యూరో ప్రపంచంలోనే మొట్టమొదట 1897లో వెలసింది కలకత్తాలోనే. ఆ పద్ధతిని లెక్కల్లో పెట్టి నిలబెట్టినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ సబిన్‌స్పెక్టర్లు. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. దీనిమీద ఎవరైనా మంచి నవల రాస్తే నేను ముందుగా డబ్బు కట్టి కొనుక్కుంటాను.

ఇక నా సిఫార్సులకు వస్తాను. మొట్టమొదట చదవవలసింది కొమ్మూరినే. ఆయన డిటెక్టివ్ పేరు యుగంధర్, సహాయకుడు రాజు, వాళ్ళతో పాటు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. కథలు చాలావరకు మద్రాసులో నడుస్తాయి, ఎందుకంటే ఆ రోజుల్లో తెలుగు పుస్తకం, తెలుగు సినిమా కాపురం ఉన్నది అక్కడే. 'చావుకేక', 'ఉరితాడు', 'లక్షాధికారి హత్య' దొరికితే వదలకండి. ఏం ఉంది అందులో అంటారా? వాక్యం ఉంది. చిన్న వాక్యం. అలంకారం లేదు, ఉపన్యాసం లేదు. టెలిఫోను మోగింది, యుగంధర్ రిసీవరెత్తాడు, అవతల ఎవరో ఏడుస్తున్నారు – పేజీ తిరిగిపోతుంది. తెలుగు చదవడం మరచిపోతున్న మన తరానికి ఆ వాక్యం మందులాంటిది.

నేను అద్దెకుండే గది లాలాగూడలో ఉంది. 1893 నాటి రైల్వే వర్క్‌షాపులో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇల్లది. నేను తాతా అని పిలుస్తాను. ఆయన ట్రంకుపెట్టెలో కొమ్మూరి, టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ నవలలు నలభై దాకా ఉన్నాయి. అన్నీ అట్ట ఊడి, దారంతో కుట్టినవి, అద్దె లైబ్రరీ మూసేస్తుంటే కిలోలెక్కన కొన్నవి. "దినానికి పది పైసలు కిరాయి. షిఫ్టు దిగంగనే ఉరుకుడే. లేటైతే ఇంకెవడో ఎత్తుకపోయేటోడు" అంటాడు తాత. ఆ పుస్తకాల్లో ఒకదాని మొదటి పేజీలో ఎవడో మహానుభావుడు పెన్సిల్‌తో "హంతకుడు వంటవాడు" అని రాసిపెట్టాడు. తీరా నవల పూర్తిచేస్తే అందులో వంటవాడే లేడు! అరవై ఏళ్ళ కిందట లాలాగూడలో నివసించిన ఆ అజ్ఞాత రచయితను నేను ఈనాటికీ గౌరవిస్తాను. వాడికి సస్పెన్స్ అంటే ఏమిటో తెలుసు.

ఆరుద్ర గారిని మనం 'త్వమేవాహం' కవిగానో, సినిమా పాటల రచయితగానో, సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన పండితుడిగానో ఎరుగుదుం. ఆయన 'పలకల వెండి గ్లాసు' అనే డిటెక్టివ్ నవల రాశారని చెబితే మా తెలుగు ఎమ్మే మిత్రుడొకడు నమ్మలేదు. నమ్మకపోతే వెతుక్కొని చదవమనండి. డిటెక్టివ్ నవల రాయడం చిన్నతనమనే అభిప్రాయం పండితులకు లేదు, పండితుల శిష్యులకే ఉంది.

మా జిల్లాల వైపు కుర్రాళ్ళకు చదువు అలవాటు చేసినవారిలో మధుబాబును మరచిపోకూడదు. షాడో సి.ఐ.బి. ఏజెంటు, చీఫ్ కులకర్ణి, వెంట గంగారాం, శ్రీకర్, బిందు, ముఖేష్. సోడియం ముక్క రకం. ఒక నవల చదివితే రెండోది ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది, అయినా రెండోదీ చదువుతాం. షాడోకు తగిలిన దెబ్బల్లో పదోవంతు తగిలినా మనిషి ఉస్మానియా ఆస్పత్రిలో నెల్లాళ్ళుంటాడు. అతను మాత్రం తర్వాతి పేరాలో గోడ దూకుతాడు. ప్రయాణాలకు ఇంతకు మించినవి లేవు.

ఇక యండమూరి వీరేంద్రనాథ్. ఇక్కడ కొంచెం ఆగాలి.

'అభిలాష'ను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. ఉరిశిక్ష రద్దు కావాలని తపించే ఒక యువ లాయరు, అందుకోసం తన మెడనే పందెం పెట్టి ఆడే ఆట. 1983లో సినిమాగా వచ్చింది, చాలామంది చూసే ఉంటారు. అయినా పుస్తకం చదవండి. అందులో మాటిమాటికీ వచ్చే 302 సెక్షన్ ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలయింది, హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ నంబరు 103 అయింది. నంబరు మారింది గాని ఉరి అలాగే ఉంది, కనుక నవల పాతబడలేదు.

'తులసిదళం' సంగతి వేరు. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడు ఇంటింటా చదివారట. ఒక చిన్నపాప మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. ఒకవైపు మంత్రగాళ్ళు, మరోవైపు డాక్టర్లు. ఈ రెండు దారుల్నీ రచయిత పక్కపక్కనే నడిపించి, ఏది నమ్మాలో తేల్చుకొమ్మని మనకే వదిలేస్తారు. నిర్మాణం దృష్ట్యా చూస్తే తెలుగులో ఇంత బిగువైన సస్పెన్స్ నవలలు తక్కువ. నేను ఒక్క రాత్రిలో చదివాను, మధ్యలో నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. లేవలేదంటే దాహం వెయ్యక కాదు. ఆ రోజుల్లో విమర్శకులు ఇటువంటివాటికి క్షుద్ర సాహిత్యమని పేరుపెట్టి గట్టిగా తిట్టారు. నగరంలో కూర్చుని చదివితే ఆ తిట్లు అతిగా అనిపిస్తాయి. పల్లె నుంచి చూస్తే అలా అనిపించవు. బాణామతి, చేతబడి చేశారన్న నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలంగాణ పల్లెల నుంచి దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. మా పక్క ఊళ్ళో ఒక ముసలామె ఉంది. ఆమె ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు పుచ్చుకోరు. ఆమె చేసిన నేరమల్లా, ఒక వాడలో ఇద్దరు పిల్లలకు జ్వరం తగిలిన వారంలోనే ఆ వాడ మీదుగా నడిచి రేషను దుకాణానికి వెళ్ళడం. ఆ పిల్లలకు వచ్చింది డెంగీ జ్వరమని రక్తపరీక్ష కాగితం చెప్పింది. ఆ కాగితాన్ని ఆ ఊళ్ళో ఎవరూ ముసలామె గడపదాకా తీసుకువెళ్ళలేదు.

అందుచేత 'తులసిదళం' చదవవద్దని చెప్పను. చదవండి. భయపడండి, భయపడటానికే రాశారు. చదివాక డాక్టర్ల అధ్యాయాల్ని మళ్ళీ ఒకసారి చదవండి. మొదటిసారి భయంలో వాటిని గబగబా దాటేస్తాం. సెలవులకు ఊరికి వెళ్ళి ఈ కథ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పే మిత్రులు ఆ అధ్యాయాల్ని ఎగరగొట్టకుండా చెప్పాలని మాత్రం కోరుతున్నాను.

ఆ భయం దిగడానికి మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'చంటబ్బాయ్' ఉంది. డిటెక్టివ్ నవలల మీద రాసిన నవ్వుల నవల. 1986లో జంధ్యాల సినిమా తీశారు. భయమే కావాలంటే ఆయనదే 'నత్తలొస్తున్నాయి జాగ్రత్త'. నత్తలు మనుషుల మీద పడటమేమిటని నవ్వుతూ మొదలుపెడతాం. కూరగాయల రైతు మాత్రం నవ్వడు. ఆఫ్రికా నత్త అని ఒకటి నిజంగానే ఉంది. రాత్రిపూట బయటికొచ్చి, తెల్లవారేసరికి లేత మొక్కల మళ్ళను మోడు చేసిపెడుతుంది. మనుషుల్ని తినదు, అంతవరకు రచయిత కల్పన.

ఇంతవరకూ చెప్పినవాళ్ళంతా వేలిముద్రల కాలం వాళ్ళు. తర్వాత పరిశోధన తీరే మారిపోయింది, అదీ మన ఇరుగుపొరుగునే. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళే దారిలో సి.సి.ఎం.బి. ఉంది కదా, అక్కడ 1988లో లాల్జీ సింగ్ గారు మన దేశపు డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని తయారుచేశారు. దానికి వాడిన ప్రోబ్‌కు మూలం ఒక పాము డి.ఎన్.ఎ. పసుపు, నలుపు పట్టీలుండే బంగారు పాము. ఆ జాతి శాస్త్రీయనామం 'బంగారస్' అన్నది మన తెలుగు మాటే. పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు స్థానికుల నోట విన్న పేరును 1796లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు, అదే నిలిచిపోయింది. ఆ బంగారు పాము డి.ఎన్.ఎ. సాయంతో మొదలైన పద్ధతే 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడు మృతదేహాలను పోల్చడానికి, 1995లో ఢిల్లీ తందూరు హత్యకేసులో కాలిన శరీరం ఎవరిదో తేల్చడానికి పనికొచ్చింది. యుగంధర్ వింటే సిగరెట్ ఆర్పేసి లేచి నిలబడి ఉండేవాడు.

దీనివల్ల నవలకు ఒక చిక్కు వచ్చిపడింది. ఒక వెంట్రుక, ఒక సెల్‌ఫోన్ టవరు, వీధి చివర ఒక కెమెరా ఉంటే "ఎవరు చంపారు" అనేది మూడు రోజుల్లో తేలుతుంది. కాబట్టి ఈ కాలపు మంచి రచయితలు "ఎవరు" వదిలిపెట్టి "ఎందుకు", "ఎలా" పట్టుకున్నారు. జపాను రచయిత కీగో హిగాషినో 2005లో రాసిన 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' ఇంగ్లీషులో దొరుకుతుంది. హత్య ఎవరు చేశారో మొదటి అధ్యాయంలోనే కళ్ళెదుట చూపిస్తాడు. ఆ తర్వాత ఒక లెక్కల మాస్టారికీ, ఒక ఫిజిక్సు ప్రొఫెసరుకూ మధ్య నడిచే పోరు ఉంది చూడండి, మన సైన్సు విద్యార్థులు తప్పక చదవాలి. ఇంగ్లీషు కూడా మనలాంటివాళ్ళకు అందేంత తేలిక. అగాథా క్రిస్టీ మొదటి నవల 'ద మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్' (1920) కెమిస్ట్రీ వాళ్ళకు ప్రత్యేకం. ఆమె మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది. విషముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్ ఈ నవలలో ఎలా పనిచేసిందో జాగ్రత్తగా చదివితే, పాయ్రో చెప్పకముందే మీరు పట్టుకోవచ్చు. అవక్షేపం అనే ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను.

విషం మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. మన నవలల్లో విషం తాగినవాడు గ్లాసు జారవిడిచి, ఒక పేరు సగం పలికి, పరుపు మీద ఒరిగిపోతాడు. పత్తి పండే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం ఆ వాక్యాన్ని అలా దాటి వెళ్ళలేం. పురుగుల మందు డబ్బా మా ఊళ్ళలో కథలోని వస్తువు కాదు. ఆస్పత్రి వరండాలో రోజుల తరబడి కూర్చున్న ఆడవాళ్ళను చూసినవాళ్ళం. అప్పులో, అనుమానంలో, అవమానంలో మునిగిన ఒక ఇల్లు ఆ డబ్బా చుట్టూ ఎలా నిలబడుతుందో రాసిన తెలుగు అపరాధ పరిశోధన నవల నాకింకా చేతికి తగల్లేదు. నవీన్ గారు 1969లో 'అంపశయ్య' రాసి, ఇదే మన క్యాంపస్‌లో ఒక పల్లెటూరి విద్యార్థి గడిపిన ఒక్క దినాన్ని నవలగా నిలబెట్టారు. అది సస్పెన్స్ నవల కాదు. కాని మెస్సు బిల్లు భయం ఏ కాష్మోరాకూ తీసిపోదని దాన్ని చదివినవారికి తెలుసు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు, రాత్రిపూట లాలాగూడ రైలు కూత, ఖాళీ అయిన వేసవి హాస్టలు – ఇవన్నీ పెట్టుకుని మనలో ఎవరైనా ఒక మంచి అపరాధ పరిశోధన నవల ఎందుకు రాయకూడదో నాకు అర్థం కాదు.

పుస్తకాలెక్కడ దొరుకుతాయని అడుగుతారు. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో తెలుగువి అడుగున ఉంటాయి, కూర్చుని ఓపికగా తియ్యాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీపరీక్షల కుర్రాళ్ళను దాటుకుని లోపలికి వెళితే నవలల బీరువాలున్నాయి. కాచిగూడ నవోదయలో యండమూరి, మల్లాది కొత్త ముద్రణలు అడగండి. కొన్నవి చదివాక గదిలో మూల పడెయ్యక పక్కగదికి పంపండి. సెమిస్టరు పరీక్షకు ముందురోజు రాత్రి మాత్రం ఏదీ మొదలుపెట్టవద్దు; మొదలుపెడితే పూర్తిచేసే పడుకోవలసి వస్తుంది. తాత ట్రంకుపెట్టె పుస్తకాలు లాలాగూడ దాటి బయటికి రావు, చదవాలంటే అక్కడికే వచ్చి అరుగు మీద కూర్చోవాలి. చాయ్ తాతే ఇప్పిస్తాడు.